అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ దాకా పిల్లలను నడిపించాలంటే?

పాలమూరు సారు:
ఎనిమిదో తరగతి పిల్లలు 35 మందిని తోల్కపోతున్నం. పాతబస్తీ పెద్ద బజారంత నడుస్తనే చూపియ్యాలె. ఏ రోజు మంచిది, యాడ యాడ ఆగాలె? పత్తర్‌గట్టి బజారు కూడ కుతుబ్‌షాహీలు కట్టిందేనా?

నల్లగొండ తమ్ముడు:
శుక్రవారం మాత్రం వద్దు సార్. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు బంద్. మధ్యాహ్నం మక్కా మసీదు కాడ నమాజు రద్దీ వేరే. పొద్దున 8కే నడక మొదలువెడితే దుకాణాలు తెరిచి ఉండవు, తోపుడు బండ్లు రావు, కమాన్లు పూర్తిగ కనవడ్తయ్. ఎండకాలమైతే ఇంకా జల్దీ.

పత్తర్‌గట్టి కుతుబ్‌షాహీలది కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఊరిని ముంచినంక, 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టిన్రు. రోడ్డు వెడల్పు చేసి, రెండు దిక్కుల రాతి కమాన్ల వరండాలతో దుకాణాలు కట్టింది వాళ్లే. పత్తర్ అంటే రాయి, పేరులనే ఉన్నది గద. పోయేటప్పుడు ఉస్మానియా దవాఖాన ఆవరణల చింతచెట్టు చూపియ్యున్రి. వరదల దాని మీదికెక్కి సుమారు 150 మంది బతికిన్రని చెప్తరు. వరద సంగతి అక్కడ చెప్తేనే పత్తర్‌గట్టి ఎందుకొచ్చిందో పిల్లలకు ఎక్కుతది.

దేవరకొండోడు:
పైన చెప్పింది కరెక్టే. ఒకటి కలుపుత: మీరు మూసీ దాటే వంతెన నయాపూల్ పేరుకే కొత్తది, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలం నాటిది. 1578 నాటి పాత వంతెన పురానాపూల్‌తో పోలిస్తేనే కొత్త.

చార్మినార్‌కు ముందు నడిరోడ్డు మీద వచ్చే పాత ఫౌంటెన్ గుల్జార్‌హౌజ్ కాడ చానామంది తికమక పడ్తరు. నాలుగు దిక్కుల నాలుగు కమాన్లు: మీరొచ్చే ఉత్తరం దిక్కు మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. ఈ ఆఖరిదాన్నే చార్మినార్‌ల భాగమనుకుంటరు, కాదు. పిల్లలను హౌజ్ చుట్టు నిలవెట్టకున్రి, బండ్లు తిరుగుతనే ఉంటయ్. దుకాణాల మెట్ల మీద నిలవడి చూడాలె.

చార్మినార్ 1591ది, దాని గడియారాలు మాత్రం 1889ల వెట్టినవి. మెట్లు చుట్లు తిరుగుతయ్, ఇరుకు, ఒక్కొక్కటి ఎత్తు. పదేసి మందిని పంపున్రి, ముందొక సారు, ఎనకొక సారు.

పాలమూరు సారు:
మంచిదన్నా. శనివారం పెట్టుకుంటం. మహబూబ్‌నగర్ బస్సు దిగి ఇమ్లీబన్ బస్టాండ్ నుంచే నడవొచ్చా?

నల్లగొండ తమ్ముడు:
నడవొచ్చు, చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు ఉంటది. మధ్యల ఆగుతరు గాబట్టి రెండు గంటలు పెట్టుకోండ్రి. మ్యూజియం తిరిగొచ్చేటప్పుడు చూడున్రి, పొద్దున పోతే గేటు తెరువరు.