అప్‌డేట్: కోడింగ్ రాకపోయినా టెక్నికల్ రైటర్ అవ్వొచ్చా అని అడిగాను కదా

పత్రికలో ఆరేళ్లు రాశాను, కోడింగ్ రాదు, టెక్నికల్ రైటింగ్‌కి (సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించి రాసే పనికి) మారొచ్చా అని ఇక్కడ అడిగాను. మారాను! వచ్చే నెలలో చేరుతున్నాను.

మీరన్నట్టే సర్టిఫికెట్ల జోలికి పోకుండా ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు పట్టుకున్నాను. ఇన్‌స్టాలేషన్ పేజీలో మూడో స్టెప్ దగ్గర నేనే ఇరుక్కుపోయాను. కమాండ్ ఏ ఫోల్డర్‌లో ఉండి ఇవ్వాలో ఎక్కడా రాయలేదు. ఆ ఒక్క వాక్యం చేర్చి పంపాను. గిట్ (ఫైళ్లలో మార్పుల్ని నమోదు చేసే టూల్), మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులతో హెడింగ్‌లు, లిస్టులు రాసే పద్ధతి) ఆ పని చేస్తుంటేనే వచ్చాయి.

ఇంటర్వ్యూలో చాలాసేపు దాని గురించే అడిగారు. తర్వాత ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే మార్గం) ఎర్రర్లలో 401కీ 403కీ తేడా కొత్తవాళ్లకి అర్థమయ్యేలా రాయమన్నారు. '401: మీరెవరో తెలియలేదు, లాగిన్ అవ్వండి. 403: మీరెవరో తెలుసు, కానీ దీనికి మీకు అనుమతి లేదు' అని రాశాను.

ధైర్యం చెప్పినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా థాంక్సండీ.