పాత సినిమాలకు కొత్త మెరుగులు: బాగుచేయడమా, మార్చేయడమా?

రీలుపెట్టె
ఈమధ్య చూసినవి నాలుగు. మాయాబజార్ (1957) రంగుల కాపీ, అల్లూరి సీతారామరాజు (1974) టీవీలో, శివ (1989) అట్మాస్‌లో, జగదేకవీరుడు అతిలోకసుందరి (1990) త్రీడీలో. కథల గురించి, నటన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. నా ప్రశ్న వేరే. నాలుగింట్లో ఒక్కటీ తీసినప్పటి రూపంలో లేదు. ఒకదానికి రంగులద్దారు, ఒకదాని పక్కలు కోశారు, ఒకదాని మోనో (ఒకే దారిలో వచ్చే) సౌండుని నెత్తిమీద స్పీకర్లదాకా పంచారు, ఒకదానికి లోతు పుట్టించారు. రంగుకీ, అట్మాస్‌కీ, త్రీడీకీ కలిపి జనం వాడే మాట మాత్రం ఒకటే, రీస్టోరేషన్.

గీతలు తుడవడం, బొమ్మ అదురు తగ్గించడం, వెలిసిన రంగుని మళ్ళీ రప్పించడం బాగుచేయడం. లేనిదాన్ని చేర్చడం మార్చేయడం.

మాయాబజార్‌లో కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లీ పని చూడండి. నలుపు తెలుపులో మనిషిని వెనకాల గోడ నుంచి విడదీసేది వెలుగు. జుట్టు అంచున, భుజం మీద వెనకనుంచి పడే లైటు. ఎర్ర చీర, ఆకుపచ్చ గోడ ఫిల్ము మీద ఒకే బూడిదరంగుగా పడిపోవచ్చు. అందుకే ఆ రోజుల్లో సెట్టుకీ బట్టలకీ రంగు ఎంచేటప్పుడు అది ఫిల్ముకి ఎలా కనిపిస్తుందో చూసేవాళ్ళు. గోఖలే, కళాధర్ వేసిన సెట్లు ఆ లెక్కలో కట్టినవి. వాటిమీద ఇప్పుడు ఇంకొకరు ఊహించిన రంగు పూస్తే, వెలుగు చేసే పనిని రంగు లాక్కుంటుంది. పడవ పాటలో వెన్నెలంతా నీటి తళుకులోనే ఉంది. దానిమీద నీలం పూత పడగానే తళుకు చచ్చిపోయింది.

బెజవాడ శీను
అన్నా, మీ బాధ అర్థమైంది గానీ లెక్క కూడా చూడాలి కదా. ఆ రంగుల మాయాబజార్ 2010 జనవరి 30న 46 థియేటర్లలో పడింది. 53 ఏళ్ళ నాటి సినిమా అది! నలుపు తెలుపులోనే తెచ్చుంటే ఎన్ని హాళ్ళు ఇచ్చేవాళ్ళు?

రంగు వేయడమంటే బొమ్మల పుస్తకానికి రంగు వేసినట్టు కాదు. ముందు ఫిల్ము శుభ్రం చేయాలి, ఫ్రేము ఫ్రేముకీ స్కాన్ చేయాలి, దుమ్మూ గీతలూ తీయాలి. ఆ తర్వాతే రంగు. ప్రతి షాట్‌లో ఒకటి రెండు ఫ్రేములు ఎంచుకుని ముఖం, నగలు, చీర, స్తంభం వేరువేరుగా గీతగీసి రంగు నిర్ణయిస్తారు. ఆ హద్దుల్ని మిగతా ఫ్రేముల మీదికి సాగదీస్తారు, మనిషి కదిలినచోట మళ్ళీ చేత్తో సరిచేస్తారు. సెకనుకి 24 చొప్పున మూడు గంటల సినిమా అంటే 2,59,200 ఫ్రేములు. రంగు కోసం డబ్బు పెట్టారు కాబట్టే ఆ శుభ్రం చేసే పని జరిగింది. బాగుచేయడానికి ఖర్చు ఇచ్చిందే ఆ మార్చడం.

నేల టికెట్టు
మా మనవళ్ళు రంగుల్లో ఉన్నదే చూశారు, ఘటోత్కచుణ్ణి గుర్తుపట్టారు. నాకంతే చాలు.

గిరిజ కె
అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. చెవికి జరిగిన అన్యాయం ఎవరూ చెప్పట్లేదు.

పాత ఆప్టికల్ మోనో ట్రాకులో, అంటే ఫిల్ము అంచున అచ్చయిన శబ్దంలో, పై స్థాయి శబ్దాలు పెద్దగా ఉండవు, దాని అడుగున ఒక సన్నటి బుస ఉంటుంది. ఆ బుస ఉన్న జాగాలోనే స, శ, ష అక్షరాల పదునూ, పద్యం మధ్య ఊపిరి తీసుకునే చప్పుడూ ఉంటాయి. బుసని పూర్తిగా తీయబోతే అవీ పోతాయి. గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు గుడగుడలాడుతుంది. కొంచెం బుస ఉంచి వదిలేయడమే మంచి పని.

ఇక 5.1 సంగతి, అంటే శబ్దాన్ని హాలు చుట్టూ స్పీకర్లకి పంచడం. మోనోలో మాట, వాయిద్యం, అడుగుల చప్పుడు కలిసిపోయి ఒకే దారంగా ఉంటాయి. విడదీయాలంటే సాఫ్ట్‌వేర్‌తో చీల్చాలి, లేదా చప్పుళ్ళు కొత్తగా రికార్డు చేసి పైన వేయాలి. కొత్త చప్పుడు శుభ్రంగా, పాత గొంతు మసకగా వినిపిస్తే రెండు కాలాలు ఒకే గదిలో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. శివలో ఆ తేడా మాయాబజార్ అంత కొట్టలేదు, ఎందుకంటే అది 1989 రికార్డింగ్. అట్మాస్‌ని మొత్తంగా తప్పనను. మాటలు తెర మధ్యనుంచే రానిచ్చి, వాతావరణాన్ని మాత్రమే పక్కలకి పంపితే ఒప్పుకుంటాను.

రీలుపెట్టె
శీను గారూ, శుభ్రం చేశారు సరే. ఆ శుభ్రం చేసిన నలుపు తెలుపు కాపీ ఎక్కడుంది? 46 హాళ్ళలో ఒక్కదాన్లోనైనా వేశారా? పైగా రంగుల కాపీలో కొన్ని పాటలూ పద్యాలూ లేనేలేవు. ప్రింటు నాణ్యత బాగోలేదని తీసేశారు. బాగుచేసినవాడు బాగాలేని చోట్లని బాగుచేయాలి, కోసి పారేయకూడదు.

బెజవాడ శీను
కోసిందంతా రంగులవాళ్ళ ఖాతాలో వేయకండి. ఇంట్లో ఉన్న నలుపు తెలుపు డీవీడీ చూడండి, 184 నిమిషాలు ఉండాల్సింది 177 దగ్గర అయిపోతోంది. ఏడు నిమిషాలు కోశారు కదా అక్కడ కూడా? దాని మీద మాట్లాడరేం?

గిరిజ కె
అది కోత కాదు శీను గారూ. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు. మన టీవీ పద్ధతి పాల్, సెకనుకి 25. టెలిసినీలో, అంటే ఫిల్ముని వీడియోగా మార్చేటప్పుడు, 24ని 25గా తిప్పేస్తారు. 184ని 24తో గుణించి 25తో భాగించండి, 176.6 వస్తుంది. ఒక్క ఫ్రేము కూడా పోలేదు, సినిమా నాలుగు శాతం వేగంగా పరిగెత్తింది. గొంతు కూడా దాదాపు ముప్పావు అరస్వరం పైకి లేస్తుంది. హార్మోనియం దగ్గర పెట్టుకుని పాటతో కలిపి వాయిస్తే ఏ మెట్టు మీదా కుదరదు, రెండింటి మధ్యలో వేలాడుతుంది.

బెజవాడ శీను
177కి 176.6కి తేడా ఉందిగా.

గిరిజ కె
సెన్సారు సర్టిఫికెట్టు, కంపెనీ బొమ్మ కలిపితే ఆ తేడా పూడిపోతుంది.

బెజవాడ శీను
అంటే మీరే అనుకుంటున్నారు. ఖచ్చితంగా కోత లేదని చెప్పలేరు.

పద్యప్రియ
లేని పాటలు తమిళ మాయాబజార్ నెగటివ్ (కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము) లోంచి తెచ్చుకోవచ్చు కదా?

రీలుపెట్టె
కుదరదండీ. తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. రెండు సినిమాల్లోనూ ఉన్నవాళ్ళ షాట్లలో కూడా పెదవులు తమిళం పలుకుతుంటాయి.

రెండో ఆట
గీ నిమిషాల పంచాది ఆపుండ్రి. అసలు బొమ్మ సగం ఎగిరిపోతుంటే గవి లెక్కబెడుతున్నరు.

పాత నలుపు తెలుపు బొమ్మ కొలత (వెడల్పు:ఎత్తు) 1.37:1. ఇప్పటి టీవీ 1.78:1. టీవీ నిండాలని పైన కింద కోస్తే నూటికి 23 పాళ్ళు పోతయ్. ఇంక వెడల్పుండే సినిమాస్కోపు తెరకు నింపాలంటే 42 పాళ్ళు పోతయ్. డ్యాన్సుల పాదాలు పోతయ్, కిరీటాలు పోతయ్. కొయ్యకుండ సాగదీస్తే సూర్యకాంతమ్మ ఇంక రెండింతలు కనవడ్తది.

అల్లూరి సీతారామరాజుది ఉల్టా కథ. తెలుగుల మొదటి సినిమాస్కోపు గదే. కెమెరా లెన్సు బొమ్మను అడ్డంల సగానికి నొక్కి ఫిల్ము మీద వేస్తది, ప్రొజెక్టర్ లెన్సు మళ్ళ విప్పుతది. గది పాత టీవీకి ఎక్కియ్యాలంటే పక్కలు కోస్తరు. అడివిల దండు మొత్తం నిలబడ్డ షాట్‌ల నడిమి నలుగురే మిగులుతరు. గిదంతా రంగు కంటె పెద్ద నష్టం అని నా మాట. రంగు నచ్చకుంటే టీవీల కలర్ సున్నకు తగ్గించి చూసుకో. కోసిన బొమ్మను ఎట్ల దెచ్చుకుంటవ్?

రీలుపెట్టె
రంగు సున్నా చేస్తే పాత బొమ్మ తిరిగి రాదండీ. రంగు కాపీకి తగ్గట్టు వెలుగునీడల్ని కూడా మారుస్తారు. నల్లని నీడలో రంగు నిలవదు కాబట్టి నీడని తేలిక చేస్తారు. మాయలు జరిగే చోట పొగ, ఒక మనిషిలోంచి ఇంకో మనిషి తేలే షాట్లు ఉన్నాయే, అక్కడ రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి సగం సగం పడి ఉంటాయి. ఏ చుక్క ఎవరిదో చెప్పలేం. అక్కడ రంగు తప్పకుండా అంచు దాటి కారుతుంది. కారకుండా ఉండాలని ఆ చోటుని మెత్తగా చేసేస్తారు. మీరు రంగు తీసేసినా ఆ మెత్తదనం ఉండిపోతుంది.

బెజవాడ శీను
మీరు ఏదీ ఒప్పుకోరు. కె.వి.రెడ్డి గారికి రంగు దొరికుంటే వాడుకునేవారు కాదా? ఖర్చుకి భయపడి నలుపు తెలుపులో తీశారు, అంతే.

రీలుపెట్టె
1956లోనే సేలం మోడరన్ థియేటర్స్ వాళ్ళ తమిళ ఆలీబాబా మొత్తం గేవాకలర్ అనే రంగు ఫిల్ములో వచ్చింది. రంగు దొరకని రోజులు కావు. ఖర్చు కారణమే అనుకుందాం. నలుపు తెలుపులో తీయాలని తేల్చుకున్నాక ప్రతి లైటూ దానికోసమే పెట్టారు. మొఘల్-ఎ-ఆజమ్‌ని 2004లో రంగుల్లో తెచ్చినప్పుడు ఒక ఆధారమైనా ఉంది, దాన్లో కొంత భాగం 1960లోనే రంగుల్లో తీశారు. దర్శకుడి రంగులు ఎలా ఉంటాయో ఆ భాగంలో కనిపిస్తాయి. ఇక్కడ ఏ ఆధారం ఉంది? పోయినవాళ్ళ మనసులో కోరికలు మీరు రాస్తున్నారు.

బెజవాడ శీను
మీకు సినిమా వద్దు, అద్దాల బీరువా కావాలి. తాళం వేసుకుని మీ నలుగురూ చూసుకోండి. జనం డబ్బులిచ్చి చూసిన ప్రతిదాన్నీ పాడైపోయింది పాడైపోయింది అని ఏడవడం మీకు అలవాటైపోయింది.

గిరిజ కె
శీను గారూ, మాట జారకండి. డబ్బులిచ్చి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. త్రీడీ కళ్ళద్దాలకి అదనంగా కట్టించుకుని, ఆ హాలువాళ్ళు మసక చీకట్లో బొమ్మ వేశారు. మామూలు బొమ్మకి తెర వెలుగు 14 ఫుట్‌లాంబర్టులు ఉండాలి. త్రీడీలో కంటికి చేరేది 4.5 ఉంటే గొప్ప. దానికి తగ్గట్టు కాపీని గ్రేడింగ్ (వెలుగూ రంగులూ సరిచేయడం) చేయాలి, హాల్లో ల్యాంపు పెంచాలి. ల్యాంపు త్వరగా అరిగిపోతుందని పెంచరు. ఇది ఏడుపు కాదు, కొలత.

రెండో ఆట
మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్.

రీలుపెట్టె
తాళం వేసిందెవరు శీను గారూ? 2010లో ఆ రంగులేసిన కంపెనీ 14 సినిమాల హక్కులు తీసుకుంది. మాయాబజార్ ఒక్కటే బయటికొచ్చింది. నెగటివ్ హక్కులు ఎవరివి, టీవీవాళ్ళకి అమ్మినవి ఏవి అన్న తగాదాలతో మిగతావి ఆపేశారు. మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద (1932) ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. నాకు రంగు మీద పగ లేదు. రంగుల కాపీ వచ్చాక అసలు కాపీ అడిగేవాడు ఉండడు, అడిగేవాడు లేనిదాన్ని చల్లటి గదిలో పెట్టడానికి ఎవరూ కరెంటు బిల్లు కట్టరు. నా భయం అది. వేడికి ఎసిటేట్ ఫిల్ము పులిసి వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోతుంది, అంచున ఉండే పంటి రంధ్రాలు స్కానరుకి అందవు. అప్పుడు మీ 4కె (బాగా స్పష్టమైన డిజిటల్ కాపీ) దేనినుంచి తీస్తారు?

బెజవాడ శీను
ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. అసలు కాపీ ఉండాలి, అందరికీ దొరకాలి అంటే నేను ఎదురు చెప్పను. బీరువా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా మాట మారదు. ఎవరూ చూడని సినిమా చల్లటి గదిలో ఉన్నా పోయినట్టే. ముందు చూసేవాళ్ళు కావాలి, వాళ్ళని రంగే తెస్తే రంగే వేయాలి.

రీలుపెట్టె
చూసేవాళ్ళు నలుపు తెలుపుకి కూడా వచ్చారు. 2024 సెప్టెంబరులో ఏఎన్నార్ శతజయంతికి 25 ఊళ్ళలో పది సినిమాలు వేశారు, దేవదాసు, మిస్సమ్మ వాటిలో ఉన్నాయి. వేస్తే వస్తారు.

బెజవాడ శీను
అది మూడు రోజుల పండగ. నేననేది మామూలు శుక్రవారం సంగతి.

పద్యప్రియ
ఒక సందేహం. 4కె రీరిలీజ్ అని పోస్టరు మీద ఉంటే అది నిజంగా నెగటివ్ నుంచి వచ్చిందో లేదో మామూలు ప్రేక్షకుడికి తెలిసే దారి ఉందా?

రెండో ఆట
ఉంది. తెర కుడిపక్క పై మూలకు చూడుండ్రి. రీలు అయిపోయేముందు ఎనిమిది సెకండ్లకు ఒక చుక్క, ఆఖరి సెకండుకు ఇంకో చుక్క మెరిస్తే అది చానమట్టుకు హాళ్ళల్ల ఆడిన ప్రింటు నుంచి తీసిందే. రెండువేల అడుగుల రీలైతే 22 నిమిషాలకొకసారి వస్తయ్. కొందరు చుక్కలు చెరిపేస్తరు, అప్పుడు దుమ్ము చూడాలె. నెగటివ్ మీది దుమ్ము తెరమీద తెల్లగ పడ్తది, ప్రింటు మీది దుమ్ము నల్లగ పడ్తది. అయితే తెల్ల మచ్చ ఉందని నెగటివే అనుకోవద్దు, నెగటివ్ మీది మచ్చ ప్రింటులకు గూడ దిగుతది. నల్ల మచ్చలు ఎక్కువుంటే మాత్రం ప్రింటే.

హిట్టు సినిమాల నెగటివ్ ఎక్కువ అరుగుతది, వందల ప్రింట్లు నేరుగ దానినుంచే తీస్తే అంతే. గందుకే పెద్ద హిట్టుకు మంచి నెగటివ్ దొరకక ప్రింటు పట్టుకుంటరు. ప్రింటుల నల్లటి జుట్టు, నల్ల కోటు కలిసిపోయి ఒకే మచ్చ అయితది.

గిరిజ కె
డీవీడీ లాంటి చిన్న కాపీని ఏఐతో పెంచినదైతే ఇంకో గుర్తు. వెనకాల గుంపులో నిలబడ్డవాళ్ళ ముఖాలు చూడండి, మైనం బొమ్మల్లా ఉంటాయి. టైటిల్స్‌లో చిన్న అక్షరాలు చూడండి. ఒత్తులూ గుణింతాలూ కరిగి వేరే అక్షరంలా మారిపోతాయి, "క్ష" మొదట చెడిపోతుంది.

బెజవాడ శీను
ఈ ఆదివారం ఒక 4కె సినిమాకి వెళ్తున్నాను. చుక్కలు చూసి ఎన్నో నిమిషంలో పడ్డాయో రాస్తాను. గిరిజ గారూ, ఆ 177 సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

గిరిజ కె
డీవీడీలో పాట ఒకటి తీసుకుని, అదే పాట గ్రామఫోను రికార్డు కాపీతో నిడివి సరిచూడండి. రికార్డులో పాట చిన్నది చేసి ఉండొచ్చు కాబట్టి మొత్తం వద్దు, ఒక్క చరణం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చాలు. రికార్డులో 50 సెకన్లు ఉన్న చరణం డీవీడీలో 48 వస్తే మీకే తెలుస్తుంది.