పాత కారు సెంట్రల్ లాకింగ్: వెనక ఎడమ డోర్ లాక్ సగంలో ఆగుతుంది, ఒక్కోసారి అన్నీ పడి లేస్తాయి

ప్రశ్న (తిరుపతి):
2007 మోడల్ చిన్న కారు. సెంట్రల్ లాకింగ్ కంపెనీది కాదు, బయట వేయించిన నాలుగు డోర్ల కిట్టు. వెనక ఎడమ డోర్ బటన్ సగం దిగి ఆగిపోతుంది. డ్రైవర్ డోర్ బార్లా తెరిచి నొక్కితే మిగతావన్నీ పడతాయి, మూశాక ఒక్కోసారి ఏదీ కదలదు. ఇంకోసారి లాక్ పడ్డ వెంటనే అన్నీ తిరిగి లేస్తాయి. ఫ్యూజు బాగుంది. లాకులన్నిటినీ నడిపే కంట్రోల్ యూనిట్ మార్చేయమంటున్నారు. ముందు ఏం చూడాలన్నా?

జవాబు (తిరుపతి):
యూనిట్ జోలికి అప్పుడే పోవద్దన్నా. డోర్ తెరిస్తే పనిచేసి మూస్తే ఆగుతోందంటే వైరు తెగినట్టే. డ్రైవర్ డోర్‌కీ బాడీకీ మధ్య వైర్లను కప్పే నల్ల రబ్బరు బూటు ఉంటుంది, దాన్ని బాడీ వైపు నుంచి తప్పించి వెనక్కి జరపండి. తెరిచి మూసిన ప్రతిసారీ వైర్లు మడత పడేది అక్కడే. మన ఎండలకు పైతొడుగు పెళుసెక్కుతుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైకి బాగానే కనబడుతుంది కాబట్టి ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూడండి, తెగినది రబ్బరులా సాగుతుంది.

మెలిపెట్టి టేపు చుట్టొద్దు, వేడికి జిగురు కారి ఊడిపోతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి వైరు 25 సెంటీమీటర్లు మధ్యలో వేయండి. ఒక జాయింటు డోర్ లోపల, ఇంకోటి బాడీ లోపల రావాలి. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి. సోల్డర్ పట్టిన చోట వైరు వంగదు, అందుకే బూటులో జాయింటు పెడితే దాని అంచునే మళ్లీ తెగుతుంది.

జవాబు (చిత్తూరు):
పడి లేవడం డ్రైవర్ డోర్ యాక్చుయేటర్ (రాడ్డుతో లాక్‌ను కదిపే చిన్న మోటారు) వల్ల. మామూలుగా దానికే ఐదు వైర్లుంటాయి, మిగతా వాటికి రెండే. చాలా కిట్లలో నీలం, ఆకుపచ్చ మోటారుకు. నలుపు, తెలుపు, గోధుమ లోపలి స్విచ్చుకు. రాడ్డు చివరిదాకా పోకపోతే స్విచ్చు వెనక్కి తిరిగి, యూనిట్‌కు అన్‌లాక్ సంకేతం పోతుంది. రాడ్డు బిగింపు స్క్రూలు వదులు చేసి, యాక్చుయేటర్ లాక్ వైపూ అన్‌లాక్ వైపూ చివరిదాకా కదిలేలా సరిచేసి బిగించండి. కొత్తది వేశాక కూడా ఇలాగే చేస్తే నీలం, ఆకుపచ్చ తారుమారైనట్టు.

వెనక డోర్‌కి ముందు రాడ్డు విడదీసి బటన్ చేత్తో ఆడించండి. బిగుతుగా ఉంటే తప్పు లాక్‌ది: ఎర్రమట్టి దుమ్ము, పాత గ్రీజు కలిసి గట్టిపడి ఉంటుంది. గ్రీజు వదిలించే క్లీనర్ స్ప్రేతో కడిగి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు పూయండి. ఇంజిన్ ఆయిల్ వద్దు, దుమ్మును పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
బూటులో రెండు వైర్లు తెగి ఉన్నాయి, వేశాను. వెనక బటన్ చేత్తో తేలిగ్గా ఆడుతోంది, మోటారే నీరసం. మీటరు పెడితే 4, 5 వోల్టులు చూపి పోతోంది.

జవాబు (తిరుపతి):
ఆ అంకెను నమ్మొద్దు. యూనిట్ కరెంటు ఇచ్చేది సెకను కన్నా తక్కువసేపు, డిజిటల్ మీటరు అందుకోలేదు. వెనక యాక్చుయేటర్ కనెక్టరు విప్పి, యూనిట్ నుంచి వచ్చే వైర్లకు 12 వోల్టుల బల్బు పెట్టండి. లాక్‌కీ అన్‌లాక్‌కీ నిండుగా మెరిస్తే వైరింగు మంచిదే. తర్వాత బ్యాటరీ నుంచి నేరుగా యాక్చుయేటర్‌కు అర సెకను మాత్రం తాకించండి, పట్టుకుంటే మోటారు కాలుతుంది. అప్పుడూ నీరసమే అయితే ఆ రెండు వైర్ల యాక్చుయేటర్ ఒక్కటి మార్చండి.

ట్రిమ్ (డోర్ లోపలి వైపు ప్యానెల్) బిగించే ముందు లోపలి ప్లాస్టిక్ షీటు మళ్లీ అంచులన్నీ అంటించండి. అది చిరిగితే కార్తీక వానలకు డోర్‌లో దిగిన నీళ్లు కారులోకే వస్తాయి.