తుపాకి దన్నా, తన్నా?

రెల్లుపూలు: మా తాతయ్య పోలీసు శాఖలో పనిచేశారు. పిస్తోలు పట్టే తీరు గురించి ఒక మాట అనేవారు. మొదటి ముక్క మరిచిపోయాను. చివర మాత్రం "...తుపాకి దన్ను, గురి దప్పు" అని చెవిలో ఉండిపోయింది. ఈ దన్ను ఏ దన్ను? ముందు ముక్క ఎవరైనా విన్నారా?

నల్లేరు: అండ అనే అర్థమే. "వాడికి వెనక దన్ను ఉంది" అంటాం కదా. దన్ను లేకపోతే గురి తప్పుతుంది. మీరు మరిచిపోయిన ముక్కలో "లేక" లాంటిదేదో ఉండాలి.

పాతమాస్టారు: గసడదవాదేశం మరిచారండీ! తుపాకి + తన్ను, తుపాకి దన్ను. సాక్ష్యం పక్కనే ఉంది: గురి + తప్పు, గురి దప్పు. "దప్పు"ని తప్పు అని చదివినవారు "దన్ను"ని తన్ను అని ఎందుకు చదవరు?

నల్లేరు: చిన్నయసూరి సూత్రం ప్రథమ మీది పరుషాలకే కదా మాస్టారూ. తుపాకి యొక్క తన్ను అంటే షష్ఠి. అక్కడ ఆదేశం ఎలా వస్తుంది?

పాతమాస్టారు: నామం అని ఎవరన్నారు? క్రియ అది. తుపాకి తన్నును, గురి తప్పును.

పదిమీటర్లు: నాకు వ్యాకరణం అంతగా రాదు, ఓటు మాత్రం మాస్టారికే. రేంజ్‌లో మేమంతా "తంతోంది" అనే అంటాం. ఎయిర్ పిస్టల్‌లో ఆ తన్ను దాదాపు ఉండదు. 9 ఎం.ఎం. పట్టుకుంటే మణికట్టుకి తెలుస్తుంది. 7.5 గ్రాముల బుల్లెట్ సెకనుకు 350 మీటర్ల వేగంతో పోతే, మందు వాయువుల లెక్క వదిలేసినా, 750 గ్రాముల పిస్టల్ 3.5 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. అందుకే బరువున్న పిస్టల్ చేతికి హాయి. గొట్టం చేతికన్నా పైన ఉంటుంది కాబట్టి మూతి లేస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందుని పిడి వెనక ఎంత పైకి ఆనిస్తే అంత తక్కువ లేస్తుంది. కొత్తలో నన్ను చెడగొట్టింది తన్ను కాదు, తన్నుతుందన్న టెన్షన్. మా కోచ్ నాకు చెప్పకుండా మధ్యలో ఒక ఉత్తుత్తి తూటా పెట్టారు. నొక్కితే క్లిక్‌మంది, అంతే. మూతి మాత్రం బెత్తెడు కిందికి దిగిపోయింది!

నల్లేరు: పిడి వెనక ఆనించడం అన్నారే, అదే దన్ను. నా మాటే నిలిచింది.

చెంగల్వ: ఆయుధం పట్టిన చేతినే కొట్టడం మనకు కొత్తా? విరాటపర్వంలో అర్జునుడి బెంగంతా అల్లెతాటి దెబ్బలకు కాయలు కాసిన చేతుల గురించే. సవ్యసాచి కదా, రెండు చేతులకీ కాయలే. గాజులతో కప్పుకుంటానంటాడు. తిక్కనగారు భారతాన్ని ఆ పర్వంతోనే ఎత్తుకున్నారని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జమ్మిచెట్టు మీది నుంచి గాండీవం దిగే చోటు ఎన్నిసార్లు చదివానో!

పాతమాస్టారు: ఆ దెబ్బ కాచుకునే తోలు తొడుగుకి అమరంలో పేరే ఉంది, "గోధా తలే జ్యాఘాతవారణే". తెలుగులో దానికి ఒక్క మాట ఎవరైనా చెప్పండి చూద్దాం.

పదిమీటర్లు: తాడు దెబ్బ వేరు, తుపాకి తన్ను వేరు కదండీ. బాణం వదిలాక తాడు ముంజేతికి పక్కగా తగులుతుంది. పిస్టల్ అరచేతిలోకే తంతుంది.

చెంగల్వ: కాయ కాసే చేతికి రెండూ ఒకటే.

రెల్లుపూలు: అమ్మమ్మకి ఫోన్ చేశాను. మొదటి ముక్క "పట్టు సడల" అంటోంది. కానీ చివర "గురి దప్పు" కాదట, "గుర్రం దప్పు" అట. మాస్టారూ, ఇది తూటాని కొట్టే తుపాకి గుర్రమేనా?