బ్యాంకు నోటీసులు, కోర్టు కాగితాలు సులభమైన ఇంగ్లీషులోనే రాయాలని చట్టం పెట్టాలా?

సాగర్‌కాలువ:
మా పెద్దనాన్న వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకున్నాడు. గిరాకీ పడిపోయి వాయిదాలు ఆగాయి, ఖాతా మొండి బాకీల లెక్కలో పడి ఎన్‌పీఏ అయింది, ఇప్పుడు కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకి ఇచ్చే సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద నోటీసు వచ్చింది. ఏ బ్యాంకు అన్నది వదిలేయండి, అందరివీ ఇలాగే ఉంటాయి. ఆయన బీకాం చదివాడు, రోజూ ఇంగ్లీషు పేపరు చూస్తాడు, అయినా ఆ నోటీసు ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఎవరికీ తలా తోకా దొరకలేదు. "వేర్ యాజ్" (Whereas) అని మొదలైన వాక్యం సగం పేజీ నడిచి, మధ్యలో "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అని, "హియరినాఫ్టర్ రిఫర్డ్ టు యాజ్" అని అంటూ ఎక్కడ ఆగిందో ఆగింది. మాకు తెలియాల్సింది ఇంతే కదా: ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, మా మాట చెప్పుకోవడానికి దారి ఉందా, ఇల్లు ఎప్పుడు పోతుంది. ఇవన్నీ ఎక్కడో ఉన్నాయి, లేవని కాదు, తవ్వుకోవాలి. ఇలాంటి కాగితాలు మామూలు మనిషికి అర్థమయ్యే ఇంగ్లీషులో రాయాలని చట్టమే ఉండాలని నా వాదన. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కుండబద్దలు:
అప్పు కట్టకుండా భాష మీద పడటం ఏంటి బ్రో. నోటీసు ఎంకి పాటలా ఉంటే మాత్రం బాకీ తగ్గుతుందా.

సాగర్‌కాలువ:
తగ్గదు. తగ్గించమని నేను అడగలేదు కూడా. గడువు ఎప్పుడో తెలిస్తే ఆ లోపు పొలమో స్థలమో అమ్మి కట్టుకునేవాళ్లు ఉంటారు. తెలియక కూర్చున్నవాడి ఇల్లు వేలానికి పోతే బ్యాంకుకి మాత్రం మిగిలేదేంటి?

నల్లకోటు:
లాయర్‌ని కాబట్టి నన్ను తిట్టడానికి ముందే సిద్ధమై ఉంటారు, అయినా చెబుతాను. ఈ మాటలు మేం సరదాకి వాడం. "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అంటే బాకీ మొత్తం అందరి దగ్గరా కలిపి అడగొచ్చు, లేదా ఒక్క హామీదారు దగ్గరే మొత్తం రాబట్టొచ్చు. "మీరందరూ కలిసి కట్టాలి" అని సులభంగా రాశారనుకోండి, హామీ సంతకం పెట్టిన మీ బాబాయి "నా వాటా నేను కడతా, మిగతాది వాళ్లని అడగండి" అని కోర్టుకి పోతాడు. దశాబ్దాల తీర్పులతో అర్థం గట్టిపడిన మాటలివి. కొత్త మాట పెడితే దాని అర్థం తేలడానికి మళ్లీ అన్నేళ్ల కేసులు, ఆ కేసుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? 13(2) నోటీసులో బాకీ వివరాలు, ఏ ఆస్తి మీద చర్య తీసుకోబోతున్నారో ఆ వివరాలు ఉండాలని 13(3) చెబుతుంది. ఏ చిన్న లోపం ఉన్నా బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్ డీఆర్‌టీలో మొదటి అభ్యంతరం దాని మీదే వేస్తాం. నేనే వేస్తాను, మీ పెద్దనాన్న నా క్లయింటు అయితే.

క్యాష్‌కౌంటర్:
లాయరు గారు చివర్లో అసలు విషయం చెప్పేశారు. నేను బ్రాంచిల్లోనూ రికవరీలోనూ పనిచేసి రిటైరయ్యాను. ఆ నోటీసు అప్పు తీసుకున్నవాడి కోసం రాసేది కాదండీ. రేపు డీఆర్‌టీలో ప్రిసైడింగ్ ఆఫీసరు చూస్తే తప్పు పట్టకుండా ఉండాలని రాసేది. ప్యానెల్ లాయరు ఇచ్చిన ఫార్మాట్ ఒకటి ఉంటుంది, పేరు, ఖాతా నంబరు, బాకీ, సర్వే నంబరు, నాలుగు హద్దులు మార్చి పంపుతారు. ఒక పేరా తీసేసి కేసు పోతే ఆ ఆఫీసరుకి మెమో వస్తుంది. మొత్తం అలాగే ఉంచి పార్టీకి ఒక్క ముక్క అర్థం కాకపోతే ఏ మెమో రాదు. ఈ లెక్క మారనంత వరకు ఎన్ని సులభ భాషా వర్క్‌షాపులు పెట్టినా టీ, సమోసాలకే.

ఇంకోటి. 13(2) ఫార్మాట్ అయినా బ్యాంకు చేతిలో ఉంది. స్వాధీనం నోటీసు ఫార్మాట్ అయితే రూల్స్‌లోనే అచ్చేసి ఇచ్చారు. అందులో చివర ఒక వాక్యం ఉంటుంది, ఆస్తిని విడిపించుకోవడానికి ఉన్న సమయం గురించి సెక్షన్ 13లోని సబ్ సెక్షన్ 8 వైపు రుణగ్రహీత దృష్టిని ఆహ్వానిస్తున్నాం అని. ఎంత మర్యాదో చూడండి! కానీ ఆ 13(8)లో ఏముందో చెప్పదు. వేలం ప్రకటన వెలువడే లోపు బాకీ, ఖర్చులు మొత్తం కట్టేస్తే ఆస్తి మీదే అని ఉంది అక్కడ. వేలం ప్రకటన పడ్డాక ఆ హక్కు పోతుందని 2023లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. ఇల్లు దక్కే వాక్యం అదొక్కటే, దాన్నే నంబరు చెప్పి వదిలేశారు. వేలం రోజు డబ్బు సంచితో వచ్చి "ఇంకా అమ్మలేదు కదా సార్" అని బతిమాలినవాళ్లని చూశాను.

తేనెతెలుగు:
అసలు ఇంగ్లీషు ఎందుకు అన్న ప్రశ్న ఎవరూ అడగరేం? సులభ ఇంగ్లీషు అంటే చదువుకున్నవాళ్ల బాధ. ఇంగ్లీషు రానివాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లో ఎందరు? తెలుగులో ఇమ్మనండి, గొడవే ఉండదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు మచ్చబొల్లారం భూమి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది, ఆకాశం ఊడిపడలేదు.

క్యాష్‌కౌంటర్:
అమ్మా, తెలుగులో వస్తూనే ఉన్నాయి. స్వాధీనం నోటీసు రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలని రూలు. ఏదైనా తెలుగు దినపత్రిక తెరిచి చూడండి. "దిగువ సంతకందారు అయిన అధీకృత అధికారి తనకు దఖలుపరచబడిన అధికారాలను వినియోగించి రుణగ్రహీతకు ప్రత్యేకంగానూ ప్రజలకు సాధారణంగానూ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" ఈ తరహాలో సాగుతుంది. ఇది తెలుగే. మీకేం అర్థమైందో చెప్పండి.

తేనెతెలుగు:
అది తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లీషు, క్యాష్‌కౌంటర్ గారూ. ముందు ఆ ఇంగ్లీషే తిన్నగా ఉంటే అనువాదకుడు కూడా తిన్నగా రాసేవాడు. సరే, ఆ మేరకు సాగర్‌కాలువ గారి పాయింటు నాకు పనికొస్తుంది, మూలం బాగుపడాలి. కానీ అక్కడితో ఆగిపోవడానికి ఒప్పుకోను.

డెన్వర్‌దాకా:
ఇక్కడ అమెరికాలో 2010లో ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ వచ్చింది, ఒబామా సంతకం చేశాడు. చట్టం పెడితే అయిపోతుందనుకునేవాళ్లు దాని కథ కొంచెం వినాలి. ప్రజలకు సేవలు, పన్నులు, గడువుల గురించి ఫెడరల్ ఏజెన్సీలు ఇచ్చే కాగితాలు, ఫారాలు, ఉత్తరాలు అర్థమయ్యేలా ఉండాలంటుంది. మంచిదే. కానీ రెగ్యులేషన్లని దాన్నుంచి మినహాయించారు, పైగా పాటించలేదని కోర్టుకి వెళ్లడానికి వీల్లేదని చట్టంలోనే రాసేశారు. అంటే పళ్లు లేవు. అయినా కొన్ని ఏజెన్సీల ఉత్తరాలు మెరుగయ్యాయనే అంటాను, కొన్ని ఇప్పటికీ చదివితే తలనొప్పే.

నల్లకోటు గారూ, మీ "గట్టిపడిన మాటలు" వాదనకి మా దగ్గర ఒక జవాబు ఉంది. ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ రూల్స్ మొత్తాన్ని 2007లో తిరగరాశారు. ఒకే రూల్స్‌లో "షల్" అనే మాట ఒకచోట తప్పనిసరి అని, ఒకచోట చేయొచ్చు అని, ఇంకోచోట చేస్తే మంచిది అని నడుస్తుండేది, దాన్ని తీసేసి ఎక్కడికి తగ్గ మాట అక్కడ పెట్టారు. ఇవి రాతకు సంబంధించిన మార్పులే, అర్థం మారదు అని కమిటీ నోట్ జత చేశారు. కోర్టులు మూతపడలేదు. ఇంగ్లండులో 1999 కొత్త రూల్స్‌తో "ప్లెయింటిఫ్" పోయి "క్లెయిమెంట్" వచ్చింది. మనకి ఆ భాష నేర్పినవాళ్లే వదిలేశారు, మనం మాత్రం తాతగారి కోటులా దాచుకున్నాం.

నల్లకోటు:
రూల్స్ తిరగరాయడం వేరు, బ్రాంచిలో కూర్చుని నోటీసు తిరగరాయడం వేరు. అక్కడ ఆ పని ఏళ్ల తరబడి నిపుణులు కూర్చుని చేశారు. ఇక్కడ ఎవరు చేస్తారు? మన కోర్టుల ఇంగ్లీషు గురించి మాత్రం మీరేమన్నా నేను అడ్డురాను. హిమాచల్ హైకోర్టు ఇచ్చిన ఒక అద్దె కేసు తీర్పు సుప్రీంకోర్టు జడ్జీలకే అర్థం కాక, 2017లో మళ్లీ రాయమని వెనక్కి పంపారు. 2022లో ఇంకో కేసు, మళ్లీ అదే హైకోర్టు, అప్పుడు తీర్పు ఎలా రాయాలో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. గెలిచిందెవరో పై కోర్టుకే తెలియకపోతే కక్షిదారు గతేంటి. ఈ ఒక్క విషయంలో నేను మీ పక్షం.

ఆడిట్‌సీజన్:
సులభం అంటే పొట్టి అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025 చూడండి, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. సెక్షన్లు 819 నుంచి 536కి దిగాయి, మాటలు 5 లక్షల పైచిలుకు నుంచి దాదాపు సగానికి పడ్డాయి. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అని రెండు ఏళ్లతో జనాన్ని తికమకపెట్టేది తీసేసి ట్యాక్స్ ఇయర్ అని ఒక్కటే పెట్టారు, దీనికి మాత్రం చేతులెత్తి దండం. పేరాల మీద పేరాలు నడిచే ప్రొవైజోల (మినహాయింపు షరతుల) చోట టేబుళ్లు వచ్చాయి, అదీ బాగుంది. కానీ "నాట్‌విత్‌స్టాండింగ్" తీసి "ఇర్రెస్పెక్టివ్" పెడితే నా క్లయింటుకి ఒరిగిందేంటి? వాడికి మాట కాదు, లెక్క అర్థం కావడం లేదు. పన్ను విధానమే చిక్కుగా ఉన్నప్పుడు దాన్ని తేలిక మాటల్లో రాస్తే తేలిక మాటల్లో రాసిన చిక్కు అవుతుంది. నాకు మాత్రం ఫోన్లు తగ్గలేదు (తగ్గితే నాకే నష్టం అనుకోండి, అది వేరే సంగతి).

సాగర్‌కాలువ:
ఆడిట్‌సీజన్ గారూ, చట్టం సంగతి చట్టసభలు చూసుకుంటాయి. నా గొడవ మనిషి పేరు మీద ఇంటికొచ్చే కాగితం గురించి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ రూలు పెట్టింది, అదీ తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. వడ్డీ, చార్జీలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో అందులో చెప్పాలి. ఆరోగ్య బీమాకీ అలాంటి సమాచార పత్రం ఉంది. అప్పు ఇచ్చేటప్పుడు వివరంగా చెప్పాలి, ఇల్లు తీసుకునేటప్పుడు అక్కర్లేదా? నోటీసు మీ లాయరు భాషలోనే ఉండనివ్వండి, దాని పైన ఒక పేజీ పెట్టండి. డీఆర్‌టీ కోసం అది, మా కోసం ఇది.

నల్లకోటు:
పై పేజీకీ కింది నోటీసుకీ తేడా వస్తే ఏది చెల్లుతుంది? అక్కడే మీ ఐడియా పడిపోతుంది. ఇదే కేసు నాకిస్తే ఆ తేడా పట్టుకుని ఏడాది లాగుతాను.

క్యాష్‌కౌంటర్:
తేడా వస్తే రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం చెప్పుకోవడమే. ఇన్సూరెన్సు పాలసీల్లో సందేహం వస్తే కోర్టులు కంపెనీకి వ్యతిరేకంగా తీసుకోవట్లేదా? పై పేజీ తప్పయితే బ్యాంకు భరించాలని ఒక్క లైను రూల్స్‌లో పెడితే ఆఫీసర్లు దాన్ని కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. నేను ముందు చెప్పిన మెమో లెక్క అప్పుడు మారుతుంది.

కుండబద్దలు:
మాటలెందుకు, ఆ పేజీ ఎలా ఉంటుందో ఎవరైనా రాసి చూపించండి. అప్పుడు తిడతాను.

సాగర్‌కాలువ:
ఇదిగో. ఇంగ్లీషులోనూ ఇంతే ఉంటుంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నా.
"మీరు మాకు ఇన్ని రూపాయలు బాకీ ఉన్నారు. ఈ నోటీసు అందిన 60 రోజుల్లో మొత్తం కట్టాలి. కట్టకపోతే మీరు తాకట్టు పెట్టిన ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మే హక్కు మాకు ఉంది. లెక్క తప్పనిపిస్తే, వేరే అభ్యంతరం ఉంటే మాకు రాయండి, 15 రోజుల్లో జవాబిస్తాం. మేం ఇల్లు స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో మీరు డీఆర్‌టీకి వెళ్లొచ్చు. వేలం ప్రకటన వెలువడే లోపు ఎప్పుడైనా బాకీ, ఖర్చులు మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు."

తేనెతెలుగు:
బాగుంది, మా అమ్మకి చదివి వినిపించినా అర్థమవుతుంది. ఇది రాయడానికి ఇన్నేళ్లా?

నల్లకోటు:
రెండు చోట్ల దొరికారు. ఒకటి, 60 రోజులు నోటీసు అందిన రోజు నుంచి కాదు, చట్టం నోటీసు తేదీ నుంచి అంటుంది. పోస్టు ఆలస్యమైతే మీ లెక్కా బ్యాంకు లెక్కా వేరు. రెండు, నోటీసు అందాక మామూలు వ్యాపారంలో జరిగే అమ్మకాలు తప్ప ఆ ఆస్తిని బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మడం, లీజుకివ్వడం కుదరదు, 13(13). దాన్ని మీరితే సెక్షన్ 29 కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. మీ పేజీ చదివి సులభంగా అర్థం చేసుకున్నవాడు హాయిగా ఇల్లు అమ్మడానికి బేరం పెట్టేస్తాడు.

సాగర్‌కాలువ:
రెండోది చేర్చేస్తున్నా: "ఇకపై మా రాతపూర్వక అనుమతి లేకుండా ఈ ఇల్లు అమ్మకూడదు, లీజుకివ్వకూడదు. అలా చేస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు." మీరు చెప్పడానికి పట్టినంత చోటు కూడా పట్టలేదు. అయినా నిజం చెప్పండి, మా పెద్దనాన్న నోటీసులో ఆ సంగతి సెక్షన్ నంబరుగా ఉంది తప్ప మాటగా లేదు. ఆయనకది ఎలా తెలియాలి?

డెన్వర్‌దాకా:
మొదటిదానికి 60 రోజుల లెక్క జనం మీద ఎందుకు వదలాలి? ఫలానా తేదీ సాయంత్రం లోగా అని తేదీనే వేసేయండి.

నల్లకోటు:
తేదీ తప్పు వేస్తే?

క్యాష్‌కౌంటర్:
వేసినవాడికి మెమో. ఆ రోజులు పార్టీకి కలిసొస్తాయి.

నల్లకోటు:
ఆ రెండో ముక్క రూల్స్‌లోకి ఎక్కించి రండి, అప్పుడు ఆ పేజీ నేనే డ్రాఫ్ట్ చేసిపెడతా. ఎక్కేదాకా మాత్రం, సాగర్‌కాలువ గారూ, మీ పెద్దనాన్న నోటీసు మీద తేదీ చూసి 13(3ఏ) కింద అభ్యంతరం ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో పంపించండి. పోస్టు రసీదు పారేయకండి.