రాక్‌వెల్‌ని చిత్రకారుడు అనాలా, అట్టబొమ్మల పనివాడు అనాలా?

గళ్ళచొక్కా: నార్మన్ రాక్‌వెల్ 1916 నుంచి 1963 దాకా 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' అనే అమెరికా పత్రికకి మూడు వందలకు పైగా అట్టబొమ్మలు వేశాడు. బుగ్గలు ఎర్రగా ఉన్న పిల్లలు, ముద్దొచ్చే కుక్కలు, పండగ భోజనాలు. చెయ్యి తిరిగినవాడే, కాదనను. కానీ ఫొటోలు తీయించుకుని, ప్రొజెక్టర్‌తో కాగితం మీద వేసుకుని గీతలు దిద్దుకునేవాడు. ఇది ఆర్టా?

తైలవర్ణం: గీత ఎలా పడిందన్నది ఆయన గొడవ. డబ్బుకి వేయడం తప్పయితే మైకెలాంజెలో పోప్ దగ్గర పుచ్చుకున్నదేంటి?

పాతపేజీ: మీరిద్దరూ అట్టబొమ్మల దగ్గరే ఆగిపోయారు. 1964 జనవరిలో 'లుక్' పత్రికలో వచ్చిన 'ద ప్రాబ్లమ్ వి ఆల్ లివ్ విత్' బొమ్మ చూడండి. 1960లో న్యూ ఓర్లీన్స్‌లో, అంతవరకూ తెల్లపిల్లలు మాత్రమే చదివిన బడికి ఆరేళ్ళ నల్లపిల్ల రూబీ బ్రిడ్జెస్ వెళ్ళిన సంఘటన అది. తెల్ల గౌను, చేతిలో పుస్తకాలు, స్కేలు. ముందిద్దరు, వెనకిద్దరు ఫెడరల్ మార్షల్స్, అంటే కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారులు, కాపలాగా. వాళ్ళ తలలు బొమ్మలో లేవు, భుజాల దగ్గరే కోసేశాడు. అంటే మన చూపు ఆ పిల్ల ఎత్తులోనే ఉంటుంది. గోడ మీద నల్లవాళ్ళని తిట్టే మాట, పగిలిన టమాటా మరక. విసిరిన గుంపు బొమ్మలో లేదు, ఎక్కడుంది మరి? మనం నిలబడ్డ చోటే! ప్రొజెక్టర్ గీత దిద్దిపెడుతుందేమో గానీ ఆ తలలు కోయమని చెప్పదు కదా.

గళ్ళచొక్కా: బాగుంది. అప్పటికాయనకి డెబ్బై దగ్గరపడ్డాయి. అంతకుముందు? నల్లవాళ్ళని నౌకర్లుగా తప్ప వేయొద్దని పోస్ట్‌లో పద్ధతి ఉండేదని తర్వాత ఆయనే చెప్పాడు. తెలిసీ నలభై ఏడేళ్ళు అక్కడే ఉన్నాడుగా?

తైలవర్ణం: ఉన్నాడు. 1963లో బయటికొచ్చాడు కూడా. మిసిసిపీలో పౌరహక్కుల కార్యకర్తల హత్య మీద 1965లో బొమ్మ వేశాడు. ఆ వయసులో హాయిగా కుక్కపిల్లలు వేసుకుంటూ కూర్చోవచ్చు.

పాతపేజీ: ఆయన 'సేయింగ్ గ్రేస్' బొమ్మ 2013 వేలంలో 4.6 కోట్ల డాలర్లకు పోయింది. ధర రుజువు కాదులెండి, ఊరికే చెప్పా.

గళ్ళచొక్కా: రూబీ బొమ్మ పెద్దది చేసి చూశాను. టమాటా గోడ మీదే కాదు, కింద నేల మీద కూడా చితికి ఉంది. సరే, ఆ బొమ్మ వేసినవాడు చిత్రకారుడే. మిగతా మూడు వందలూ దాని ఖాతాలో మాఫీ అంటే మాత్రం ఒప్పుకోను.