అప్‌డేట్: అమ్మ మోకాళ్లతో కటికి జలపాతం వెళ్లొచ్చాం

పోయిన నెల ఇక్కడే అడిగాను, మోకాళ్ల నొప్పి ఉన్న మా అమ్మ అరకు దారిలోని బొర్రా గుహల నుంచి కటికి జలపాతం దాకా నడవగలదా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మొన్న ఆదివారం వెళ్లొచ్చాం.

పనిచేసిన సలహా ఒక్కటే: బొర్రా దగ్గర జీపు మాట్లాడుకోవడం. విశాఖ నుంచి పొద్దున కిరండూల్ ప్యాసింజర్‌లో వెళ్లి బొర్రాగుహలు స్టేషన్‌లో దిగాం. జీపు ఆగిన చోటి నుంచి రాళ్ల దారే, తడిగా ఉంది, చేతికర్ర లేకపోతే అమ్మ సగంలోనే ఆగిపోయేది. ముందే చూపించుకున్న ఫిజియోథెరపిస్ట్ చెప్పింది నిజమే, ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లకు భారం. అందుకే దిగేటప్పుడు పక్కకి తిరిగి, మెట్టు మెట్టుకీ ఆగుతూ గంటసేపు దిగాం.

కొత్త షూస్ కొనాలా అని అంత టెన్షన్ పడ్డాను గానీ పాత షూసే చాలు, అరిగిన అడుగు మాత్రం ఉండకూడదు. గోస్తని నది నీళ్లు పైనుంచి పడుతుంటే అమ్మ చాలాసేపు మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది, అది చూశాక నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

గాలికొండ వ్యూపాయింట్ మాత్రం వదిలేశాం, ఒక్కరోజులో అన్నీ పెట్టుకోకండి.